మెడమీది నలుపు

పెనుగొండలో మా యింటి పెరటి నూతి పళ్లెం మీద మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి, శనగపిండి, పసుపు, నిమ్మరసం కలిపి మా నానీ వాని మెడ రుద్దుతూ ఉండేది. వానికప్పుడు పద్నాలుగో యేడు. మెడ వెనుక నల్లని చార తేలినది. అది మురికి అని మాకందరకూ నిశ్చయం. కొబ్బరిపీచుతో తోమి చర్మం కందిపోయేటట్లు చేసిన పాపం మాత్రం మా అక్కచెల్లెళ్లిద్దరిదీ. "నొప్పి, ఆపా" అని వాడు మొత్తుకుంటే మేము నవ్వినాము. ఆ యేటి ఈదునాడు కుర్తా పై గుండీ దాకా బిగించుకొని, ఆలింగనానికి వచ్చినవారి నుండి తప్పుకు తిరిగినాడు.

జ్వరం వచ్చి తణుకు తీసుకువెళ్లినాము. డాక్టరు గారు గొంతు చూడకముందే మెడ చూచినారు. "ఇది మురికి కాదమ్మా, రుద్దకండి. మీ యింట్లో షుగరు ఎవరికున్నది?" అని అడిగినారు. అబ్బాకున్నది, నానీకున్నది. జ్వరం తగ్గిన తరువాత పరగడుపున పరీక్ష చేయిస్తే 116 వచ్చినది. 100 లోపు ఉండవలసినది. 126 చేరితే మధుమేహమే. వాడు నడుమ నిలిచి ఉన్నాడు.

ఆ నలుపు పేరు అకాంథోసిస్ నైగ్రికన్స్. తాకితే ముఖమల్ గుడ్డవలె ఉంటుంది (ఆ మాట మన ఉర్దూ నుండి తెలుగులోనికి వచ్చినదే). మెడ, చంకలు, గజ్జలు దాని చోట్లు. పక్కనే చిన్న ఉలిపిరులు కూడ లేస్తాయి. శరీరం ఇన్సులిన్ మాట వినకపోతే క్లోమం మరింత ఇన్సులిన్ ఊరిస్తుంది. ఆ అధిక ఇన్సులిన్ చర్మకణాలను రెచ్చగొట్టి పెంచుతుంది. 1922లో టొరంటోలో తొలి ఇన్సులిన్ సూది వేయించుకొన్న లియోనార్డ్ థాంప్సన్ కూడ పద్నాలుగేండ్ల వాడే. అతనికి ఇన్సులిన్ లేమి. మావానికి ఉండి కూడ పని చేయనితనం. నలుపున్న ప్రతి బిడ్డకూ షుగరు వస్తుందని కాదు. బొద్దుగా ఉండి, యింట్లో ఆ జబ్బున్న పిల్లలకు పదేండ్లు దాటితే పరీక్ష అవసరమని వైద్యులు చెబుతున్నారు. ఆడపిల్లలలో దీనితోపాటు నెలసరి కూడ తప్పుతూ ఉంటే మరీ చూపించవలెను. కాని మన యిండ్లలో ఆ పిల్లకు రంగు తెచ్చే క్రీము కొని పెడతారు!

ఇది పట్టణాల జబ్బు అనడానికి వీలు లేదు. 2005లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో ముప్పై దాటినవారిని పరీక్షిస్తే నూటికి పదముగ్గురికి మధుమేహం కనబడినది. మూడు పూటలా వరి అన్నం, పెండ్లి దావతులో బిర్యానీ మీద మీఠా, సాయంత్రం కూల్ డ్రింకు. కాలువగట్టు మీద నడిచే పిల్లలేరీ?

మా తమ్ముడిప్పుడు ఫజర్ నమాజు తరువాత ఆ గట్టు మీద గంటసేపు నడుస్తున్నాడు. చాయ్‌లో చక్కెర మానినాడు. అందుకు నానీ రెండు రోజులు అలిగినది. మూడు నెలలకు 104 వచ్చినది. నలుపు కొంచెం పలచబడినది గాని పోలేదు. కొబ్బరిపీచు మేము పారవేసినాము. ఎవరూ చూడనప్పుడు నానీ మాత్రం ఇంకా శనగపిండి తడుపుతూనే ఉన్నది.