అమ్మ కోసం శ్రుతి దించాను

మీలో చాలామంది చిన్నప్పుడు సంగీతం నేర్చుకునే ఉంటారు. పెళ్ళయ్యాక ఆ వీణో, వయొలినో అటకెక్కి ఉంటుంది. అవునా, కాదా? నా వయొలిన్ కూడా ఇరవయ్యేళ్ళు బీరువా మీదే ఉంది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక దాన్ని దించి, దుమ్ము దులిపి, కొత్త తీగలు వేయించుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేది దాని గురించీ, మా అమ్మ గురించీ.

అమ్మ బాగా పాడేది. కచేరీలు కాదు సుమండీ! పేరంటాల్లో, శ్రీరామనవమి పందిట్లో. తన పాటకి పక్కవాద్యం ఉండాలని నాకు పదో ఏటనే వయొలిన్ చెప్పించింది. మాది విజయనగరం దగ్గర ఊరు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1919లో అక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరారు. అలాంటి గాలి తగిలిన చోట ఆడపిల్ల కమాను పట్టుకుంటే ఎవరూ వింతగా చూడలేదు.

అమ్మకి ప్రాణమైన కీర్తన ‘బ్రోచేవారెవరురా’. 1980లో ‘శంకరాభరణం’ వచ్చాక అందరి నోళ్ళలోనూ పడింది గానీ, అమ్మ అంతకు చాలా ముందునుంచే పాడేది. తెలుగు కీర్తనే అయినా రాసినాయన మైసూరు వాసుదేవాచార్యులవారు. ఖమాస్ రాగం, ఆదితాళం. అమ్మ ఐదు శ్రుతిలో ఎత్తుకుని చకచకా పాడుతుంటే పేరంటాలు తాంబూలం పట్టుకుని కూడా కదిలేవారు కాదు. వెనకబడితే నా మోకాలి మీద ఒక్కటి పడేది.

శ్రుతి అంటే తెలియనివారికి ఒక్క మాట. మనం ‘స’ ఎక్కడ పట్టుకుంటామో అదే శ్రుతి. హార్మోనియం మెట్లను బట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్క. మగవాళ్ళు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర దగ్గర, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర దగ్గర పాడుతుంటారు. పాశ్చాత్య సంగీతంలో వయొలిన్ నాలుగు తీగలూ మామూలుగా ఏ స్వరాలకి బిగించాలో ఒక స్థిరమైన పద్ధతి ఉంది. మన దగ్గర అలా కాదు. పాడేవాళ్ళ గొంతు ఎక్కడుంటే మన స-ప-స-ప అక్కడికి వెళ్ళాలి.

2023 కార్తీకమాసంలో అమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయించి హైదరాబాదు మా ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటికి డెబ్భై తొమ్మిదేళ్ళు. మూడు నెలలు మంచం మీదే. నడక మెల్లిగా వచ్చింది గానీ పాట రాలేదు. ఒకసారి బలవంతాన ఐదులో ఎత్తుకోబోయింది. పై షడ్జం దగ్గర గొంతు చిట్లింది. “నా గొంతు పోయిందే” అని కళ్ళు మూసుకుంది. ఆ తరవాత అన్నం కూడా సరిగా తినలేదు. చారన్నం రెండు ముద్దలు, అంతే.

నాకొక తెలివైన ఆలోచన వచ్చింది (అనుకున్నాను!). వయసు మీద పడితే ఆడవాళ్ళ గొంతు కిందికి దిగుతుంది కదా, మనమే కిందికి దిగితే సరి. ఆవిడతో చెప్పకుండా బిరడలు తిప్పి మూడు శ్రుతికి దించాను. మంచం పక్కన కూర్చుని కమాను వేశానో లేదో, “శ్రుతి దించావా?” అంది. ఆ చెవికేమీ కాలేదు మరి. “ముసలిదాన్నయ్యానని జాలా?” అని గోడవైపు తిరిగి పడుకుంది. రెండురోజులు నాతో మాట్లాడలేదు. మావారు మధ్యలో దూరబోతే ఆయనకీ అక్షింతలు పడ్డాయి.

నాకూ కోపం వచ్చింది. అయినా తీగలు మళ్ళీ బిగించలేదు. సాయంత్రం కుక్కరు పెట్టి, వంటింటి పక్కగదిలో నాకోసం నేనే వాయించుకోవడం మొదలుపెట్టాను. తీగలు వదులైతే పాత వేగం కుదరదు. కమాను నొక్కితే గుర్రుమంటుంది. తేలిగ్గా, నెమ్మదిగా లాగాలి. అలా కాలప్రమాణం దానంతటదే సగానికి వచ్చింది.

అప్పుడు నాకు తెలిసింది చూడండీ, యాభై ఏళ్ళుగా వాయిస్తున్న కీర్తన నాకు తెలియనే తెలియదని! పరుగు మీద వాయిస్తే ఖమాస్ సంక్రాంతి ముగ్గుల్లా కళకళలాడుతుంది. కైశికి నిషాదం, అక్కడక్కడా తొంగిచూసే కాకలి నిషాదం, అన్నీ సింగారమే. నెమ్మదిస్తే అదే నిషాదం దగ్గర మనసు ఆగిపోతుంది. అసలా పాట అర్థమేమిటి? నువ్వు తప్ప నన్ను కాపాడేవారెవరని అడగడం. దిక్కులేక అడుగుతున్న మాటని మేము ఇన్నేళ్ళూ తాంబూలాల మధ్య హుషారుగా పాడేశాం. మంట పెంచితే తీగపాకం ముదిరిపోయినట్టు, వేగం పెంచితే పాట రుచీ మారుతుంది కాబోలు. రెండూ తప్పు కాదు, ముదురుపాకంతో చేసుకునేవీ ఉన్నాయిగా.

మూడోరోజు అనుపల్లవి ఎత్తుకునేసరికి పక్కగదిలోంచి సన్నగా గొంతు కలిసింది. నేను లేవలేదు, తిరిగి చూడలేదు. కుక్కరు మూడు కూతలు కూసినా ఆపలేదు. అమ్మకి మాట మధ్యలో ఊపిరి అందడం లేదు. పాత వేగంలో అయితే ఊపిరి తీసుకునేలోపే తాళం దాటిపోయేది. ఇక్కడ వ్యవధి ఉంది. ఆవిడ ఆగినచోట ఆ సంగతిని నేను వయొలిన్ మీద పట్టుకుని ఉంచాను. ఊపిరి తీసుకుని వచ్చి మళ్ళీ అందుకుంది. పక్కవాద్యం అంటే ఇదా, అనుకున్నాను.

పప్పు అడుగంటింది, అది వేరే సంగతి.

పాట అయ్యాక చాలాసేపు చప్పుడు లేదు. చివరికి లోపలినుంచి కేక వినిపించింది. “చరణంలో కమాను తేలిగ్గా పట్టుకోవే, మంద్రంలో తీగ గుర్రుమంటోంది! ఇంతకీ ఏమిటా మాడువాసన?”