ఎవరి దూది వారి మూటలో

నా నౌకరీ ఏమిటో మా మొహల్లాలో చెప్పడం కొంచెం ముష్కిల్. "కంప్యూటర్లు రిపేరు చేస్తాడు" అంటుంది అమ్మీ. "సర్వర్లో ఉంటాడు" అంటుంది ఖాలా, అదేదో ఊరి పేరన్నట్టు. రెండూ పూర్తిగా ఝూట్ కాదు. ఈమధ్య మన పిల్లలు కొందరు నెట్‌వర్కింగ్ నేర్చుకుంటూ, "భాయ్, అసలు రోజూ ఏం చేస్తారు?" అని అడుగుతున్నారు. అందుకే ఇవాళ ఒక చిన్న పని గురించి, దాని వెనకున్న జిమ్మేదారి గురించి రాస్తున్నాను.

గుంటూరు చుట్టుపక్కల వాళ్లకి కోల్డ్ స్టోరేజీ గురించి చెప్పక్కర్లేదు. సీజన్లో యార్డుకి టిక్కీల మీద టిక్కీలు దిగుతాయి. రేటు నచ్చని రైతు సరుకుని కోల్డ్ స్టోరేజీలో పెట్టి బాండు తీసుకుంటాడు. ఆ బాండు మీద బ్యాంకు అప్పు ఇస్తుంది. చూడ్డానికి అది ఒక కాగితం, కంప్యూటర్లో ఒక వరస. కానీ ఒక ఇంట్లో బేటీ షాదీ, ఇంకో ఇంట్లో కౌలు బాకీ ఆ వరస మీదే ఆధారపడి ఉంటాయి.

నేను పని చూసే ఒక సంస్థకి గుంటూరులో కోల్డ్ స్టోరేజీ, చిలకలూరిపేట వైపు పత్తి జిన్నింగ్ మిల్లు, పర్చూరు వైపు గోడౌను ఉన్నాయి. మూడు చోట్ల గుమాస్తాలూ గుంటూరులోని ఒకే టెర్మినల్ సర్వర్లోకి వచ్చి పని చేస్తారు. 2009లో మైక్రోసాఫ్ట్ దాని పేరుని రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ అని మార్చింది గానీ మా వాళ్ల నోట్లో పాత పేరే నడుస్తోంది. ఫైళ్లు గుంటూరు దాటి పోవు. తెర మీద బొమ్మ అటు వెళ్తుంది, కీబోర్డు, మౌసు కదలికలు ఇటు వస్తాయి. అందుకే లైను బలహీనంగా ఉన్నా పని సాగుతుంది. మిల్లులో కరెంటు పోయినా సెషన్ ఇక్కడ అలాగే ఉంటుంది, వచ్చాక వదిలిన చోటే పట్టుకోవచ్చు.

నేను చేరకముందు అక్కడ అందరికీ ఒకటే డ్రైవ్. అందులో అన్ని ఫోల్డర్లూ, అందరికీ అన్నింట్లోకీ ఇజాజత్. ఒక సీజన్లో మిల్లు గుమాస్తా "స్టాకు" అనే ఫైలు తెరిచి, పత్తి లెక్క అనుకుని పాత వరసలు తీసేసి సేవ్ చేశాడు. అది మిర్చి లెక్క. తర్వాత ఒక రైతు బాండు పట్టుకుని సరుకు కోసం వస్తే కంప్యూటర్లో ఆయన లాట్ లేదు. "కాగితం నా దగ్గరుంది, సరుకు మీ దగ్గరుంది. మరి లేదంటున్నది ఎవరయ్యా?" అని ఆయన అడిగాడట. చేత్తో రాసిన పాత రిజిస్టరు వెతికి తేల్చేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆయన దొంగలా బెంచీ మీద కూర్చున్నాడు. సరుకు దొరికింది గానీ, పోయిన ఇజ్జత్‌కి రిజిస్టరు ఉండదు కదా.

ఈ సంగతి విన్నప్పుడు నాకు మా దాదా గుర్తొచ్చాడు. మేం నూర్‌బాషాలం, దూదేకుల ఇంటివాళ్లం. దాదా దగ్గర ఉన్నది ఒకటే విల్లు. నాలుగైదు ఇళ్ల దూది ఒకే రోజు వచ్చేది. ఒక ఇంటి దూది ఏకి, మూట కట్టి, నేల ఊడ్చాకే ఇంకో ఇంటి మూట విప్పేవాడట. "విల్లు అందరిదీ, దూది ఎవరిది వారిదే" అనేవాడని అబ్బా చెబుతాడు.

టెర్మినల్ సర్వర్ కూడా అంతే. యంత్రం ఒకటి, హిసాబులు వేరు. డ్రైవ్ మ్యాపింగ్ యంత్రానిది కాదు, లాగిన్ అయిన మనిషి సెషన్‌ది. ఒకే వక్త్‌లో ఇరవై మంది లోపలుంటే ఇరవై హెచ్ డ్రైవ్‌లు ఉండొచ్చు, ఒక్కోటి ఒక్కో ఫోల్డరుకి దారి. ఆ దారులు వేసేదే లాగాన్ స్క్రిప్టు. గుమాస్తా లాగిన్ కాగానే నడుస్తుంది. "నెట్ యూజ్" కమాండుతో ముందు పాత మ్యాపింగ్ తీసేస్తుంది. లేకపోతే ఆ అక్షరం ఇప్పటికే వాడుకలో ఉందని 85వ నంబరు ఎర్రర్ వస్తుంది. తర్వాత హెచ్‌ని అతని సొంత ఫోల్డరుకి, ఎస్‌ని అతని శాఖ ఫోల్డరుకి కలుపుతుంది. శాఖని గ్రూపుని బట్టి తెలుసుకుంటుంది. మ్యాపింగ్‌ని గుర్తుపెట్టుకోవద్దని కూడా చెప్పాలి, లేదంటే పాత దారులు దయ్యాల్లా తిరిగొస్తాయి. సర్వర్ 2008 నుంచి ఇదంతా స్క్రిప్టు లేకుండా గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌తోనూ చేయొచ్చు.

ఇక్కడే చాలామంది పని ఖతం అనుకుంటారు. అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది. డ్రైవ్ అక్షరం గుమ్మం మీద పేరు లాంటిది, తాళం కాదు. మిల్లు గుమాస్తాకి మిర్చి డ్రైవ్ కనిపించకపోయినా, అడ్రసు పట్టీలో సర్వర్ పేరు, షేర్ పేరు కొడితే లోపలికి పోగలడు. తాళం వేసేది ఫోల్డరు మీది పర్మిషన్లే. అందుకే నేను ముందు తాళాలు వేసి, తర్వాత పేర్లు రాశాను.

ఇంకో మాట. స్క్రిప్టులో పాస్‌వర్డ్ ఎప్పుడూ రాయకండి. స్క్రిప్టులుండే నెట్‌లాగాన్ ఫోల్డరుని డొమైన్లో ప్రతివాడూ చదవగలడు. గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లో దాచిన పాస్‌వర్డ్‌లూ సులువుగా బయటపడతాయని తేలాక, 2014 మేలో మైక్రోసాఫ్ట్ అక్కడ పాస్‌వర్డ్ పెట్టే వీలునే తీసేసింది.

అడ్మిన్‌గా లాగిన్ అయి "అంతా ఠీక్" అనుకోవద్దు. మీకు అన్నీ తెరుచుకుంటాయి. ప్రతి శాఖకీ ఒక పరీక్ష ఖాతా పెట్టుకుని, దాంతో లోపలికి వెళ్లి, తెరుచుకోకూడనివి తెరుచుకోవడం లేదని చూడండి.

జనవరిలో, సరుకు దిగడం మొదలవకముందే, నేను ఒక్కో గ్రూపులోని పేర్లు మాలిక్‌కి చదివి వినిపిస్తాను. మానేసినవాళ్ల పేర్లు, మిల్లు నుంచి గోడౌనుకి మారినవాళ్ల పేర్లు ఏటా ఒకటో రెండో తేలతాయి. పోయినేడు మాలిక్ విసుక్కున్నాడు: "వాడు మంచోడే కదయ్యా, ఉంటే ఏం?" మంచోడే. కానీ ఆ లెక్క వాడిది కాదు, నాదీ కాదు, మాలిక్‌దీ కాదు. రైతు మన దగ్గర పెట్టిన అమానత్. పేరు తీసేశాను.