బెత్తెడంత ఇంటికి వంటిల్లేదీ?

ఇంగ్లండులో పిల్లల దగ్గరకు వెళ్ళొచ్చే తల్లులు ఈ రోజుల్లో ప్రతి వీధిలోనూ ఒకరిద్దరు కనిపిస్తున్నారు. వెళ్ళినవాళ్ళు లండను వంతెన, విండ్సర్ కోట, మైనపు బొమ్మలు చూసి, నాలుగు ఫొటోలు తీయించుకుని వచ్చేస్తారు. తప్పేం లేదు లెండి. కానీ మీకు మరో రెండు రోజులు వీలు చిక్కితే మాత్రం నాటింగ్‌హామ్, బర్మింగ్‌హామ్ చూసి రండి. ఇల్లాలికి ఇల్లు ఎంత తెలిసినా, కొత్తగా చూపించే ఊళ్ళవి. నాకు ఆ దారి చూపించినవి ఒక బల్ల మీద పేర్చిన అట్టముక్కల ఇళ్ళు!

లేసు ఊరు, బొమ్మల ఊరు

లండను సెయింట్ పాంక్రస్ స్టేషన్లో రైలెక్కితే రెండు గంటల లోపే నాటింగ్‌హామ్ చేరతారు. పిల్లలకు రాబిన్ హుడ్ ఊరుగా తెలుసు. పెద్దవాళ్ళకు లేసు ఊరు. విక్టోరియా రాణి ఏలిన కాలంలో, అంటే 1837 నుంచి 1901 దాకా, ఇక్కడ యంత్రాల మీద నేసిన లేసు తెరలు దేశదేశాలకూ వెళ్ళాయి. ఊరి నడిబొడ్డున 'లేస్ మార్కెట్' అనే పేట ఇప్పటికీ ఉంది. ఇరుకు వీధులు, రెండు పక్కలా ఎర్ర ఇటుకల పెద్ద పెద్ద గోదాములు. 1855లో ప్రారంభమైన ఆడమ్స్ బిల్డింగ్ ముందు నిలబడి తలెత్తి చూడండి, మెడ నొప్పి పుడుతుంది.

నేసేది యంత్రమే. కానీ ఆ తరవాత దారాలు లాగడం, అంచులు కత్తిరించడం, చిల్లులు పడ్డచోట సూదితో సరిచేయడం అంతా చేతిపని. ఆ పని చేసింది ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలు. కొందరు గోదాముల్లో, కొందరు ఇళ్ళ దగ్గర. మన నరసాపురం వైపు ఆడపడుచులకు ఇది వేరే చెప్పక్కర్లేదు కదా! ఆ శతాబ్దంలోనే మిషనరీలు నేర్పిన లేసు అల్లిక గోదావరి జిల్లాల్లో ఇంటిపనుల మధ్య సాగే పని అయింది. పగలంతా అల్లినా, అడిగితే మాత్రం "ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ" అనేవారే ఎక్కువ.

ఇప్పుడు ఆ ఊరికి మరో పేరొచ్చింది. బల్ల మీద ఆడే యుద్ధాల ఆటలకు బొలెడంత మంది అభిమానులున్నారు కదా, ఆ బొమ్మలు చేసే పేరున్న సంస్థ గేమ్స్ వర్క్‌షాప్ 1975లో లండనులో పుట్టినా, ఇప్పుడు దాని ప్రధాన కార్యాలయం నాటింగ్‌హామే. అక్కడి 'వార్‌హామర్ వరల్డ్'లో గాజు పెట్టెల నిండా వేలెడంత బొమ్మలు, కూలిన కోటలు. అవన్నీ ఊహాలోకాలు. నేను చెప్పబోయేది మాత్రం ఒకప్పుడు నిజంగా ఉన్న ఇళ్ళ సంగతి.

ఇంతకీ ఏమిటా ఆట?

మా చెల్లెలి కొడుకు ఉద్యోగం నాటింగ్‌హామ్‌లో. వాడి భోజనాల బల్ల మీద భోజనం తప్ప అన్నీ ఉంటాయి. నాలుగడుగులకు ఆరడుగుల బల్ల మీద వాడూ, వాడి స్నేహితులూ విక్టోరియా కాలపు లండను వీధి ఒకటి కట్టారు. షెర్లాక్ హోమ్స్ కథల్లో పొగమంచు వీధులుంటాయే, అచ్చం అలాగ.

మన చదరంగంలాగే పావులుంటాయి కానీ గళ్ళుండవు. టేపుతో కొలిచి బొమ్మను ఇన్ని అంగుళాలని జరుపుతారు. పాచికలు వేసి గెలుపోటములు తేలుస్తారు. మధ్యలో ఇళ్ళెందుకంటే, చాటు కోసం! గోడ అడ్డముంటే అవతలి బొమ్మ కనపడనట్టే లెక్క. కొన్ని ఇళ్ళకు పైకప్పు మూతలాగా ఊడొస్తుంది, లోపల బొమ్మల్ని నిలబెట్టవచ్చు.

ఇది నిన్న మొన్నటి సరదా కాదండోయ్. హెచ్.జి. వెల్స్ అనే ప్రసిద్ధ రచయిత 1913లోనే సీసపు సైనికులతో నేల మీద ఆడే ఆటకు నియమాలు రాసి 'లిటిల్ వార్స్' అని పుస్తకం వేశాడు. కొయ్య దిమ్మలతో ఇళ్ళు పేర్చి ఆడేవాడట. ఇలాంటి ఆటలు ఇష్టపడే తెలివైన ఆడపిల్లలకు కూడా ఈ పుస్తకమని ముందే చెప్పుకున్నాడు పాపం.

వీధిలో నిలబడి ఇల్లు చదవడం

ఈ ఆటల్లో బొమ్మ మనిషి ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు. అంటే అసలు మనిషిలో 56వ వంతు అనుకోండి. ఇంటినీ అదే లెక్కన తగ్గించాలి. రెండు మీటర్ల తలుపు మూడున్నర సెంటీమీటర్లు అవుతుంది. వీధి వైపు నాలుగున్నర మీటర్లుండే చిన్న ఇల్లు ఎనిమిది సెంటీమీటర్లు. మన భాషలో చెప్పాలంటే బెత్తెడు వెడల్పు, జానెడు లోపు ఎత్తు.

కొలతలు తెలిస్తే సరిపోదు, అసలు ఇంటిని చూడటం రావాలి. మా వాడు నన్ను వీధిలో నిలబెట్టి నేర్పాడు. మీరూ వెళ్ళినప్పుడు చూడండి. ముందు పైకప్పు వైపు చూసి పొగగొట్టం మీది కుండీలు లెక్కపెట్టాలి. సాధారణంగా ఒక్కో కుండీకి లోపల ఒక్కో నిప్పుగూడు. ఎనిమిది కుండీలుంటే ఎనిమిది గదుల్లో బొగ్గు కాలిందన్నమాట. ఇక ఆ బొగ్గు ఎక్కడి నుంచి వచ్చిందంటారా? ఈసారి కాళ్ళ దగ్గర చూడండి. లండను పాత వీధుల్లో ఇళ్ళ ముందు కాలిబాట మీద గుండ్రటి ఇనప మూతలుంటాయి. బొగ్గువాడు అక్కడి నుంచే నేలమాళిగలోకి బొగ్గు గుమ్మరించేవాడు, ఇంట్లోకి మసి రాకుండా. ఆ నేలమాళిగ నుంచి మూడో అంతస్తు దాకా బకెట్లతో మోసింది పనిపిల్ల. పొగగొట్టాల్లోకి చిన్నపిల్లల్ని ఎక్కించి మసి దులిపించడం 1875 నాటి చట్టంతో గానీ ఆగలేదు.

కిటికీల కథ కూడా చిత్రమే. ఇంటికి ఇన్ని కిటికీలని పన్ను కట్టించుకునే రోజులు 1851 దాకా సాగాయి. అంతకు ముందు ఏడాదే ఇటుకల పన్ను పోయింది. అందుకే ఆ తరవాత కట్టిన ఇళ్ళు వెలుతురుకు మొహం వాచినట్టు ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద కిటికీలతో కనిపిస్తాయి.

ఇంట్లో చేసుకోవాలంటే

సెలవుల్లో పిల్లల చేతుల్లోంచి సెల్‌ఫోను తీయించడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు కనపడలేదు.

కావలసినవి: సన్‌బోర్డు లేదా థర్మోకోల్ పలక, పాత శుభలేఖలు, ఫెవికాల్, రీఫిల్ అయిపోయిన పెన్ను, కూల్‌డ్రింకు స్ట్రా ఒకటి, చొక్కా పెట్టె మీది పారదర్శకమైన కాగితం, అంగుళం పాత లేసు, పిల్లల రంగులు.

చేసే విధానం: ముందు నాలుగు గోడలూ కాగితం మీద గీసుకుని, ఆ ప్రకారం పలక కోయండి. కత్తి పని పెద్దవాళ్ళు చేస్తేనే మేలు. తలుపు, కిటికీల రంధ్రాలు కోశాక, పెన్ను మొనతో థర్మోకోల్ మీద నొక్కుతూ ఇటుకల వరసలు గీయండి. ఒక వరస అతుకు పై వరస ఇటుక మధ్యకు రావాలి, మేస్త్రీలు కట్టినట్టే. సన్‌బోర్డయితే పైకాగితం ఒలిచి గీయాలి. గోడలు ఫెవికాల్‌తో అంటించి, ఆరేదాకా దారం చుట్టి ఉంచండి.

పైకప్పుకు శుభలేఖ అట్టను సెంటీమీటరు వెడల్పు పట్టీలుగా కోసి, ఒక అంచున అర సెంటీమీటరుకొక చిన్న గాటు పెట్టండి. కింది నుంచి మొదలుపెట్టి, ఒక పట్టీ మీద సగం కప్పేలా ఇంకోటి అంటించుకుంటూ పైకి వెళ్ళండి. నల్లబూడిద రంగు వేస్తే వేల్సు పలకరాతి కప్పు సిద్ధం. స్ట్రా ముక్కలు పొగగొట్టపు కుండీలు. అట్టకు పంచింగ్ మిషనుతో రంధ్రం చేస్తే పడే గుండ్రటి బిళ్ళ ఉంటుందే, అది ఇంటి ముందు బొగ్గు మూత! కొలత కూడా సరిగ్గా సరిపోతుంది. కిటికీకి పారదర్శకమైన కాగితం, దాని వెనక లేసు ముక్క.

గోడకు ఇటుక రంగు వేసి ఆరాక, నల్లరంగును నీళ్ళలో పలచగా కలిపి పూసి, వెంటనే గుడ్డతో తుడవండి. సందుల్లో నలుపు నిలిచి, బొగ్గుపొగ పట్టిన ఇల్లనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త. థర్మోకోల్ మీద స్ప్రే డబ్బా రంగు నేరుగా కొట్టకండి, కరిగి గుంటలు పడుతుంది.

"వంటిల్లేదిరా?"

మా వాడి వీధిలో ఇరవై ఇళ్ళున్నాయి. నగిషీ తలుపులు, ఇత్తడి గంటలు, లేసు తెరలు... ముచ్చటేసింది. వంగి వెనక వైపు చూద్దును కదా, అన్నీ ఉత్త అట్టలే! బల్ల అంచున పెట్టే ఇళ్ళకు ముందుభాగం మాత్రమే చేస్తారట.

"వంటిల్లేదిరా? పెరడేదీ?" అన్నాను.

"ఆటకి వంటిల్లు అక్కర్లేదు పెద్దమ్మా. ముందుగోడ ఉంటే చాలు" అన్నాడు.

వాడన్నది ఆట లెక్కన నిజమే. నాకు మాత్రం ఆ మాట మనసులో ఉండిపోయింది. ముందుగోడ చాలనుకోవడం ఒక్క బొమ్మల వీధిలోనేనా అండీ?

రెండు రోజుల తరవాత వాడే బర్మింగ్‌హామ్ తీసుకెళ్ళాడు. రైల్లో గంటా పావు ప్రయాణం. అక్కడ నేషనల్ ట్రస్ట్ వారు కాపాడిన 'బ్యాక్ టు బ్యాక్స్' అనే ఇళ్ళున్నాయి. వీపుకు వీపు ఆనించి కట్టిన ఇళ్ళన్నమాట. 1831 నాటికి కట్టడం పూర్తయిన ఈ 'కోర్ట్ 15'ను బాగుచేసి 2004లో జనానికి తెరిచారు. వీధి వైపు ఒక ఇల్లు, దాని వెనకగోడకే అతుక్కుని లోపలి పెరటి వైపు ఇంకో ఇల్లు. అంతస్తుకు ఒక్కటే గది, మూడు అంతస్తులు. గాలి వచ్చేది ఒక్క వైపు నుంచే. ఇలాంటివి కొత్తగా కట్టకూడదని 1909లో చట్టం వచ్చింది.

1840ల నుంచి 1970ల దాకా వేర్వేరు కాలాల్లో ఎలా ఉండేవో నాలుగు ఇళ్ళను సర్ది చూపిస్తారు. నన్ను కదలనివ్వనిది పెరడు. మరుగుదొడ్లు అందరికీ కలిపే, చాకిరేవు గదీ అందరికీ కలిపే. వంతుల ప్రకారం ఉతుక్కోవాలి. నీళ్ళు మోసి, కాగు కింద బొగ్గు రాజేసి, బట్టలు ఉడికించి, తొట్టిలో వేసి కర్రతో తిప్పి తిప్పి, రెండు రోకళ్ళ లాంటి మరలో పెట్టి పిండి, తాడు మీద ఆరేసేసరికి పొద్దువాలేది. మూలన వంటపొయ్యి, దాని ఇనుముకు నల్ల పాలిష్ పట్టించడం ఇంకో పని. ఆ పైన గడపరాయి కడిగి, సుద్దలాంటి రాయితో తెల్లగా రుద్దే అలవాటు ఆ దేశంలో చాలా ఊళ్ళలో ఉండేదట. మన ముగ్గే గుర్తొచ్చింది. ఎంత పేదరికంలోనైనా గుమ్మం ముందు నా ఇల్లిది అని చెప్పుకునే తెల్లగీత ఒకటి కావాలి కాబోలు ఆడదానికి.

పెరడొచ్చాక

తిరిగొచ్చాక మా వాడు వారం రోజులు కూర్చుని ఒక పెరడు చేశాడు. కళ్ళ చుక్కల సీసా మూత తొట్టి అయింది. దారం కట్టి, ఫెవికాల్ నీళ్ళలో ముంచిన టిష్యూ కాగితంతో గోరంత చొక్కాలు ఆరేశాడు. చాకిరేవు గది, మరుగుదొడ్లు, బొగ్గు కుప్ప, తెల్లటి గడపరాయి కూడా పెట్టాడు. చిత్రమేమిటంటే, ఆటలో అందరూ ఇప్పుడు ఆ పెరటి కోసమే పోటీ పడుతున్నారట. దాక్కోవడానికి చోటు, అటు నుంచి ఇటు దాటే సందు అంతా అక్కడే ఉన్నాయి మరి! ముందుగోడల మధ్య నడిచే ఆట కంటే రక్తి కట్టిందని వాడే ఒప్పుకున్నాడు.

మీరు వెళ్ళేట్టయితే కొన్ని సంగతులు. బర్మింగ్‌హామ్ ఇళ్ళను గైడుతోనే చూడాలి, టిక్కెట్లు ముందుగా తీసుకోవాలి. మెట్లు ఇరుకు, నిటారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందే అడిగి తెలుసుకోండి. లండనులో ఉంటే బెత్నల్ గ్రీన్‌లోని 'యంగ్ వి అండ్ ఎ' మ్యూజియం తప్పకుండా చూడండి, ప్రవేశం ఉచితం. 1673 నాటి నూరెంబర్గ్ బొమ్మరిల్లు అక్కడిదే. ఆడపిల్లలకు ఇంటి నిర్వాహకం నేర్పడానికి అలాంటివి చేయించేవారట. అందులో వంటిల్లుంది సుమండీ!

ప్రయాణం కుదరనివాళ్ళకు బొమ్మల కొలువు ఉండనే ఉంది. గుడి, పార్కు, పెళ్ళి ఊరేగింపు ఏటా పెడుతూనే ఉన్నాం. ఈసారి పిల్లల చేత మీ అమ్మమ్మగారి ఇల్లు ఒకటి కట్టించండి. వీధి అరుగుతో ఆపేయకుండా పెరడు కూడా పెట్టించండి. నూతి గట్టు, రోలు, కట్టెల పొయ్యి, దండెం ఎక్కడెక్కడ ఉండేవో వాళ్ళకు తెలీదు, మిమ్మల్నే అడుగుతారు. అడిగినప్పుడు, అక్కడ ఎవరు ఎన్ని గంటలకు లేచి ఏ పని చేసేవారో కూడా చెప్పండి.