ఓడ ఎక్కని సరుకు

అమెరికాలోని మాసచుసెట్స్ రాష్ట్రపు దక్షిణ తీరాన వుడ్స్ హోల్ అనే చిన్న రేవు ఉన్నది. అక్కడ ఓడ ఎక్కినవారు ముప్పావు గంటలో మార్తాస్ వినయార్డ్ ద్వీపంలో దిగుతారు. నడుమ ఉన్నది సుమారు 7 మైళ్ల నీరు. కార్లు, లారీలు, సైకిళ్లు, పిల్లలు, పెంపుడు కుక్కలు అందరికీ అదే ఓడ. ద్వీపంలో పండని సరుకు చాలా వరకు ఈ నీటి మీదుగానే రావాలి. ఒక్క సరుకు మాత్రం చాలాకాలం ఆ ఓడ ఎక్కడానికి నోచుకోలేదు. అది గంజాయి.

ద్వీపం చూడముచ్చటైనది. పడమటి కొసన ఎరుపు, పసుపు, తెలుపు బంకమట్టి చారలతో అక్విన్నా కొండచరియలు సముద్రం మీదికి ఒరిగి ఉంటాయి. ఆ నేల వాంపనోగ్ ఆదివాసుల తాతముత్తాతలది. ఎడ్గర్‌టౌన్ వీధుల్లో ఒకనాటి తిమింగలాల వేట నావికులు కట్టించుకున్న తెల్లని చెక్క మేడలు నేటికీ నిలిచి ఉన్నాయి. 1975లో లోకాన్ని భయపెట్టిన ‘జాస్’ చలనచిత్రం తీసినది ఇక్కడనే. శీతకాలంలో జనాభా ఇంచుమించు 20,000. వేసవి వచ్చినదంటే అది అనేక రెట్లు పెరుగుతుంది.

మాసచుసెట్స్ ఓటర్లు 2016 నవంబరులో పెద్దలు గంజాయి వాడుకోవడాన్ని చట్టసమ్మతం చేశారు. 2018 నవంబరులో రాష్ట్రంలో తొలి దుకాణాలు తెరిచారు. అయితే సమాఖ్య ప్రభుత్వం, అంటే మన వాడుకలో కేంద్రం, 1970లో చేసిన మాదకద్రవ్యాల చట్టం గంజాయిని హెరాయిన్‌తో పాటు అత్యంత కఠినమైన మొదటి పట్టికలో చేర్చినది. రాష్ట్రం ఔనన్నంత మాత్రాన కేంద్రం కాదన్నది చెరిగిపోదు. రోగి తన పెరట్లో సొంత వాడకానికి పెంచుకున్న మొక్క మీద సైతం కేంద్రానికి అధికారం ఉన్నదని 2005లో కాలిఫోర్నియాకు చెందిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తేల్చినది. కాని రాష్ట్ర పోలీసులచేత తన చట్టాన్ని బలవంతంగా అమలు చేయించే అధికారం కేంద్రానికి లేదు. అందువల్ల నేల మీద ఒక రకమైన మౌనపు ఒప్పందం నడిచినది. కేంద్రం చూసీ చూడనట్లు ఊరుకున్నది.

నీటి మీద ఆ ధీమా లేదు. సముద్రాన్ని కాచేది కోస్ట్ గార్డ్. అది కేంద్రపు దళం. సముద్రం దాటించి సరుకు తరలిస్తే కేంద్ర చట్టాన్ని ఉల్లంఘించినట్లవుతుందని రాష్ట్ర గంజాయి నియంత్రణ కమీషన్ శంకించినది. కాబట్టి ద్వీపంలో అమ్మేది ద్వీపంలోనే పండాలి, అక్కడే పరీక్షకు నిలవాలి. చిన్న ద్వీపంలో ఇది ఎంత ఖర్చుతో కూడినదో చెప్పనక్కరలేదు. రెండే దుకాణాలు వెలిశాయి.

2024 వసంతంలో గండం వచ్చినది. ద్వీపంలో గంజాయి పండిస్తున్న సంస్థ సాగు మానుకోదలచినది. బీరువాలు ఖాళీ కాసాగాయి. ఒక దుకాణం తాత్కాలికంగా మూతపడినది. వైద్యుని ధ్రువపత్రంతో గంజాయిని మందుగా వాడుకునే రోగులు ద్వీపంలో 230 మందికి పైగా ఉన్నారు. నొప్పితో, నిద్రలేమితో బాధపడే ముసలివారు ఏం చేయాలి? ఓడ ఎక్కి అవతలి ఒడ్డుకు పోయి, కొనుక్కొని, సంచిలో దాచుకొని మళ్లీ ఓడ ఎక్కాలి. అనుమతి గల వ్యాపారి చేయరాదన్న పనిని రోగి చాటుగా చేయవలసి వచ్చినదన్నమాట! చట్టాన్ని గౌరవించినవాడి దుకాణం మూతపడినది. గౌరవించనివాడికి ఏ లోటూ కలగలేదు.

దుకాణదారు ఒకరు కమీషన్ మీద దావా వేశారు. జూన్ నెలలో కమీషన్ సభ్యులు ద్వీపానికి వచ్చి స్థానికుల గోడు విన్నారు. కొద్ది రోజులకే, అనుమతి పొందిన సంస్థలు రాష్ట్ర జలాల గుండా ఈ ద్వీపానికి, పొరుగున ఉన్న నాంటకెట్‌కు సరుకు చేరవేయవచ్చునని ఉత్తర్వు చేశారు. ఆ ఉత్తర్వు రాష్ట్రం ఇచ్చిన అభయమే గాని కేంద్రం ఇచ్చినది కాదు.

వేసవిలో ఓడ దిగే యాత్రికులలో బోస్టన్‌లో చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగువారూ ఉంటారు. దుకాణం బల్ల వద్ద 21 ఏళ్లు నిండిన గుర్తింపు కార్డు చూపితే చాలు, పౌరసత్వం ఎవరూ అడగరు. వలస వ్యవహారాలు మాత్రం పూర్తిగా కేంద్రం చేతిలోనివి. రాష్ట్రం అనుమతించినా సరే, గంజాయి వాడకం గాని, ఆ వ్యాపారంలో కొలువు గాని పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తనకు అడ్డు కావచ్చునని కేంద్ర వలస శాఖ 2019 ఏప్రిల్‌లో స్పష్టం చేసినది. అమెరికా పౌరునికి సరదాగా గడిచిపోయే సాయంకాలం, వీసా మీద ఉన్నవానికి తిరిగి దేశంలో అడుగుపెట్టేటప్పుడు అధికారి ముందు జవాబు చెప్పుకోవలసిన విషయం కాగలదు.

గంజాయిని మొదటి పట్టిక నుండి కొంత తేలికైన మూడవ పట్టికకు మార్చాలన్న ప్రతిపాదన 2024 మేలో వెలువడినది. ఆ పని త్వరపరచవలసినదిగా 2025 డిసెంబరులో అధ్యక్షుడు ఆదేశించారు. పట్టిక మార్పు ఒక్కటే రాష్ట్రాల దుకాణాలను కేంద్ర చట్టం కింద సక్రమం చేయదు. మూడవ పట్టికలోనివి కూడా వైద్యుని చీటీతో మందుల షాపులో కొనవలసినవే.