నిలిపి ఉన్న కారు – నిలువవలసిన మనిషి

మానవుని శీలాన్ని పరీక్షించేవి మహత్తర సంఘటనలేనని మనం సాధారణంగా భావిస్తుంటాము. కరువులో, వరదలో, కల్లోలంలో గాని మనిషి మంచితనం బయటపడదని అనుకుంటాము. మా అనుభవం ఇందుకు భిన్నంగా ఉన్నది. చూచేవారు లేని ఒక ఇరుకు సందులో, మన వల్ల ఇతరులకు ఒక చిన్న నష్టం కలిగిన క్షణంలో, మనం ఎటు అడుగు వేస్తామన్నదే అసలైన పరీక్ష. ఆ సందును గురించి, ఆ క్షణాన్ని గురించి విద్యార్థి మిత్రులతో నాలుగు మాటలు పంచుకొనవలెనని ఈ వ్యాసం తలపెట్టినాము.

నల్లగొండ ప్రకాశం బజారు గాని, మహబూబ్‌నగర్ క్లాక్ టవరు చుట్టుపక్కల వీధులు గాని కార్ల కోసం వేసినవి కావు. ఎడ్లబండ్లు, జట్కాలు తిరిగిన దారులవి. నేడు ఆ దారులలోనే ఇరువైపులా కార్లు నిలిపి ఉంటాయి. జుమా నమాజు ముగిసిన వేళ, పెండ్లిళ్ల రోజులలో, లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సు సమయంలో బండి తిప్పుకొనడానికి జానెడు స్థలం దొరకదు. అటువంటి చోట వెనుకకు తీస్తున్న బండి నిలిపి ఉన్న కారుకు తగులుతుంది. తలుపు మీద ఒక సొట్ట, ఒక గీత పడుతుంది. కారు యజమాని అక్కడ ఉండడు. ఆ నిమిషంలో మనసు రెండు మాటలు చెబుతుంది. మొదటిది, ‘కావాలని చేయలేదు గదా’ అని. రెండవది, ‘ఎవరూ చూడలేదు గదా’ అని. మొదటి మాట నిజమే. దానిని ఆసరా చేసుకొని రెండవ మాట మనల్ని అక్కడినుండి లాగుకొని పోతుంది.

మన భాషలో ఈ విషయానికి సంబంధించిన మాటలను కొంచెం పరికిద్దాము. ‘బాధ్యత’ సంస్కృతం నుండి వచ్చినది. బాధ్యుడంటే కట్టుబడక తప్పనివాడు. ‘జవాబుదారీ’ ఉర్దూ ద్వారా మనకు చేరినది. అడిగినప్పుడు జవాబు చెప్పవలసినవాడు జవాబుదారు. ‘పూచీ’ అంటే జరిగినదానికి నేనున్నానని ముందుకు రావడం. ఈ మూడింటికంటె లోతైన మాట ఒకటి మన పల్లెలలో ఉన్నది. అది ‘తప్పు’. తెలంగాణ పల్లెలలో తప్పు చేయడం ఉన్నది, తప్పు కట్టడమూ ఉన్నది. పెద్దల సమక్షంలో చెల్లించే పరిహారానికి కూడా ‘తప్పు’ అనే పేరు. చేసినదానికి, చెల్లించేదానికి ఒకే మాట వాడిన మన పూర్వులు, చెల్లించనిదే చేసినది ముగియదని గ్రహించినారు కాబోలు.

కారు కొత్తదే గాని సమస్య పాతది. ఈ మెట్ట ప్రాంతంలో మంద మేసిన చేను తగవు ఎవరికి తెలియదు? దేవరకొండ, కల్వకుర్తి వైపు రైతులు తమ చేలలో గొర్రెలమంద నిలపమని కోరి, అందుకు ప్రతిఫలం ఇస్తారు. ఆ ఎరువుతో పంట పండుతుంది. అదే మంద యజమాని ఎరుగకుండా రాత్రి పైరులో పడితే అది నష్టం. కాపరి నిద్రపోయినాడే గాని ద్రోహం తలపెట్టలేదు. అయినా తెల్లవారి చేను యజమాని ముందర నిలువక తప్పదు. తప్పిపోయి చేలలో పడిన పశువులను బందెలదొడ్డికి తోలడం, రుసుము కట్టి విడిపించుకొనడం మన తాతల కాలంలో అందరూ ఎరిగిన పద్ధతి. బ్రిటిషు ఇండియాలో దీనికోసమే 1871లో ఒక చట్టం చేసినారు.

పవిత్ర ఖురాన్‌లోని అంబియా అధ్యాయంలో ఇటువంటి తగవే ప్రస్తావించబడినది. ఒక జాతివారి గొర్రెలు రాత్రివేళ ఒకరి చేను మేసినవి. తీర్పు దావూద్ ప్రవక్త, ఆయన కుమారుడు సులైమాన్ ప్రవక్త ముందుకు వచ్చినది. వ్యాఖ్యాతలు వివరించిన ప్రకారం, గొర్రెలను చేను యజమానికి ఇప్పించాలని దావూద్ భావించినారు. సులైమాన్ మరొక దారి చూపినారు. గొర్రెల యజమాని ఆ చేనును బాగుచేసి పూర్వస్థితికి తేవాలి. అంతవరకు గొర్రెల పాలు, ఉన్ని వంటి ఫలితాన్ని చేను యజమాని అనుభవించాలి. చేను బాగైన పిమ్మట ఎవరిది వారికి చేరాలి. ఈ తీర్పులో మేము రెండు విషయాలు చూస్తున్నాము. నష్టపోయినవాని చేతికి నష్టం పూర్తిగా తిరిగి వచ్చినది. నష్టం కలిగించినవాడు బ్రతుకుతెరువు కోల్పోలేదు. పరిహారం పగ తీర్చుకొనడం కాదని దీని భావం.

ఇస్లామీయ ధర్మశాస్త్రం పొరపాటుకు పాపభారం తగ్గిస్తుంది గాని పూచీని తొలగించదు. ఉస్మానియా తుర్కీ సామ్రాజ్యంలో 1869–1876 సంవత్సరాల మధ్య ఈ శాస్త్రాన్ని సూత్రాలుగా కూర్చిన ‘మజల్లా’ అనే గ్రంథం ఉన్నది. స్వయంగా నష్టం కలిగించినవాడు ఉద్దేశం లేకపోయినా పూచీదారే అవుతాడని అందులోని 92వ సూత్రం సారాంశం. మన పెద్దలు తరచుగా చెప్పే ‘హుఖూఖుల్ ఇబాద్’, అనగా తోటి మానవుల హక్కులు, ఈ సందర్భంలోనే స్మరించదగినవి. దైవం పట్ల మన లోపాన్ని దైవం క్షమించవచ్చును. మనిషికి చెందవలసినది ఆ మనిషికి చేరాలి, లేదా ఆ మనిషి మాఫు చేయాలి. సొట్ట పడిన కారును సందులో వదిలిపెట్టి, మసీదుకు వెళ్లి ఎంతసేపు తౌబా చేసినా, ఆ కారు యజమాని లెక్క అలాగే ఉండిపోతుంది. గుడికి వెళ్లినా, చర్చికి వెళ్లినా ఇంతే గదా!

ఇక దేశపు చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను, ప్రమాదంలో మనిషి గాయపడినప్పుడే కాక, ఇతరుల ఆస్తికి నష్టం కలిగినప్పుడు కూడా డ్రైవరుకు విధి ఏర్పరచినది. పోలీసు అధికారి అక్కడ లేకపోతే, వీలైనంత త్వరగా, 24 గంటలు మించకుండా, దగ్గరి పోలీసు స్టేషనులో జరిగినది తెలియజేయాలి. బీమా కంపెనీకి కూడా తెలపాలి. ‘కారుకు బీమా ఉంటుంది, యజమానికి పోయేదేమున్నది?’ అని కొందరు సమాధానపడతారు. ఇది తెలియనితనం. సొంత పాలసీ మీద క్లెయిము చేసినప్పుడు కొంత మొత్తం యజమానియే భరించాలి. క్లెయిము లేని ఏడాదికి 20 శాతంతో మొదలై క్రమంగా 50 శాతం వరకు పెరిగే ప్రీమియం రాయితీ పోతుంది. మన గీతకు వెల మరొకరు చెల్లిస్తున్నారన్న మాట.

ఇటీవల నల్లగొండలో ఒక ఫంక్షన్ హాలు వెలుపల మేము చూచినది ఇక్కడ చెప్పవలసి ఉన్నది. నీళ్ల క్యాన్లు దింపే ట్రాలీ ఆటో ఒకటి, నిలిపి ఉన్న కారు వెనుక తలుపును ఒరుసుకొని పోయినది. నడిపినవాడు ఇరవై ఏండ్ల కుర్రవాడు. బండి ఆపి, లోపలికి వెళ్లి రెండు మూడు చోట్ల అడిగినాడు. కారు ఎవరిదో తెలియలేదు. మరొక చోట క్యాన్లు వేయవలసిన వేళ మించిపోతున్నది. అతడు మా వద్దకు వచ్చి, “సారూ, నాకు రాయ సరిగ రాదు, ఒక చీటి రాసియ్యుండ్రి” అన్నాడు.

మేము కాగితం తీసి, ‘మీ కారుకు ట్రాలీ తగిలి సొట్ట పడినది’ అని వ్రాసి చదివి వినిపించినాము. కుర్రవాడు ఒప్పుకొనలేదు. “అట్ల కాదు సారూ. నేనే గుద్దిన అని రాయుండ్రి. నా పేరు, నా ఫోన్ నంబర్ గుడ రాయుండ్రి” అన్నాడు. తెలుగు పాఠాలు చెప్పే మాకు అది ఒక వ్యాకరణ పాఠం. పడినది, పగిలినది, విరిగినది అని అకర్మక క్రియలు వాడితే కర్త మాయమైపోతాడు. గాజుగ్లాసు తనంతట తానే పగిలినట్టు, సొట్ట తనంతట తానే పడినట్టు వాక్యం సాఫీగా సాగిపోతుంది. ఉర్దూలో ‘టూట్ గయా’ అనడానికి, ‘తోడ్ దియా’ అనడానికి మధ్య ఉన్న దూరం కూడా ఇదే. అక్షరాలు సరిగా రాని ఆ కుర్రవాడు వాక్యంలో కర్తను తిరిగి నిలబెట్టినాడు. చీటీని వైపరు క్రింద పెట్టి వెళ్లిపోయినాడు.

కొన్ని వారాల తరువాత అదే కుర్రవాడు కనిపించినప్పుడు సంగతి అడిగినాము. యజమాని ఆ రాత్రే ఫోను చేసినాడట. మొదట కోపపడినాడట. మరునాడు కుర్రవానిని వెంటబెట్టుకొని డెంటింగు పనివాని వద్దకు పోయి, ఖర్చు ఎంతో అతని ఎదుటనే అడిగించినాడట. తగ్గించలేదు, పెంచలేదు. మూడు రోజుల సంపాదన పోయినదని చెప్పినాడు. రెండు దఫాలుగా కట్టినాడట. యజమాని మాఫు చేసి ఉంటే కథ మరింత ఇంపుగా ఉండేదని కొందరనవచ్చును. మాకు అలా తోచలేదు. మాఫు చేయడం ఔదార్యం. తనకు రావలసినది తీసుకొనడం అతని హక్కు. పాత గీతలను కూడా కుర్రవాని లెక్కలో కలపకపోవడమే ఆ యజమాని నిజాయితీ.

ఈ మాట నొక్కి చెప్పడానికి కారణమున్నది. నిలిచినవానిని కొట్టి, పారిపోయినవానిని వదిలివేసే సమాజంలో నిజాయితీ ఎలా నిలుస్తుంది? 2023లో చేసిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షనులో, నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీసి, తెలియజేయకుండా పారిపోయినవారికి పదేండ్ల వరకు శిక్ష విధించే ఉపసెక్షను చేర్చినారు. 2024 జనవరి తొలి రోజులలో లారీ, ట్యాంకరు డ్రైవర్లు దేశవ్యాప్తంగా పని నిలిపివేసినారు. హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు బారులు తీరినవి. ఆగితే జనం చంపుతారన్నది డ్రైవర్ల మాట. 2024 జూలై 1న కొత్త చట్టం అమలులోకి వచ్చినప్పుడు ఆ ఉపసెక్షనును పక్కన ఉంచినారు. ప్రాణనష్టానికి, కారు సొట్టకు పోలిక లేదు. కాని మనిషిని పారిపొమ్మని తరిమే భయం రెండు చోట్లా ఒకటే. ఆ భయాన్ని చట్టం ఒక్కటే పోగొట్టలేదు. నష్టపోయినవాడు గొంతు తగ్గించాలి. చుట్టూ చేరినవారు చేయి దించాలి.

నేడు కూడళ్లలో సీసీ కెమెరాలు వెలసినవి. ‘కెమెరా చూస్తున్నది, జాగ్రత్త’ అని పిల్లలకు చెప్పే పెద్దలను చూస్తున్నాము. ఆ మాట చాలదు. కెమెరాకు భయపడి ఆగినవాడు, కెమెరా లేని సందును వెదకడం నేర్చుకుంటాడు. ఎదుటివాని హక్కును తలచి ఆగినవానికి అన్ని సందులూ ఒకటే.

విద్యార్థి మిత్రులారా! మీలో అనేకులు అన్నగారి మోటారు సైకిలు మీదనో, తండ్రిగారి కారులోనో పట్టణానికి వస్తుంటారు. రేపు మీ చేత ఒక సొట్ట పడవచ్చును. అప్పుడు బండి ఆపండి. దగ్గరి దుకాణంలో విచారించండి. యజమాని దొరకకపోతే పేరు, ఫోను నంబరు, జరిగినది వ్రాసి పెట్టండి. పోలీసు స్టేషనులో తెలపండి. ఇంటికి వచ్చి తండ్రిగారికి దాచకుండా చెప్పండి. తల్లిదండ్రులకు కూడా మా విన్నపం ఒకటున్నది. నిజం చెప్పిన బిడ్డను మొదటి మాటగా తిట్టకండి. డబ్బు సంగతి రెండవ మాటగా మాట్లాడుకొనవచ్చును. ఇక ఆ చీటీ వ్రాసేటప్పుడు, వాక్యంలో కర్త ఉన్నాడా లేడా అని ఒకసారి సరిచూచుకొనండి.