విజ్ఞాపనము

సూరతు నగరమున కతార్‌గామ్ ద్వారమునకు చేరువగా ఆంగ్లేయుల శ్మశానవాటికయు, డచ్చివారి శ్మశానవాటికయు కలవు. అవి సమాధులని తెలియనివాడు చూచినచో నవాబుల మహళ్లని భ్రమపడును. ఆక్సెండెను సోదరులకు ఆంగ్లేయులు గుమ్మటములతో కూడిన ఎత్తైన కట్టడమును నిలిపిరి. 1691లో బొంబాయి దాపున సముద్రముపై మరణించిన వాన్ రీడు దొరను డచ్చివారు సూరతుకు తెచ్చి, దానిని మించునట్టి కట్టడము క్రింద పూడ్చిరి. మలబారు మొక్కలను గూర్చి 'హోర్తుస్ మలబారికస్' అను ఉద్గ్రంథమును వెలయించిన ఆ పండితునికి అంతటి గోపురముతో పనిలేదు. పని కంపెనీకి కలదు. మొగలు అధికారియు, హుండీ వ్రాయు షావుకారును ఆ దారిని పోవునప్పుడు ఏ కంపెనీ గొప్పదో కంటితోనే తెలిసికొనవలెను. చచ్చినవాని తలపై బ్రతికినవారి సరుకును పొగడుట సూరతునకు క్రొత్త విద్య కాదు.

నాడు ఓడలు ఆగిన సువాలి రేవునకు దాపుననే నేడు హజీరా ఉన్నది. సముద్రగర్భమునుండి వచ్చు సహజవాయువును శుద్ధిచేయు కర్మాగారము, దానిని విజయపూరు మీదుగా జగదీశపూరునకు కొనిపోవు గొట్టపుమార్గపు మొదలు, ఎరువుల మిల్లు, ఉక్కు మిల్లు, పెట్రోరసాయనముల మిల్లు అన్నియు అచ్చటనే. 2005లో షెల్ కంపెనీ ద్రవీకృత వాయువును దింపుకొను రేవును కూడ అచ్చటనే తెరచినది. ఇంతటి పరిశ్రమ తన్ను గూర్చి తాను చెప్పుకొనునప్పుడు పొగగొట్టమును చూపదు. ఆకుపచ్చని పొలము, నవ్వు శిశువు, నీలాకాశము చూపును. ఆ బొమ్మలలో నూనె చుక్కయైనను కనబడదు.

హిందీలో ఇట్టి ప్రకటనను 'విజ్ఞాపన్' అందురు. హిందీనుండి తెలుగు చేయువాడు తప్పక తడబడు మాటలలో ఇది యొకటి. మనకు విజ్ఞాపనమనగా చిన్నవాడు పెద్దవానికి, రైతు కలెక్టరునకు చేతులు జోడించి పెట్టుకొను మనవి. గుజరాతీవారి మాట 'జాహేరాత్'. దాచినది బయటపెట్టుట యని దాని భావము. నిఘంటువు ఈ రెంటినుండియు కాపాడి 'ప్రకటన' యను మాటను చేతికిచ్చును. అయినను ఆ తడబాటు వ్యర్థము కాదు. వీథిలో నిలిచిన ఫలకము నిజముగా ఒక మనవియే అనుకొన్నచో, ఆ మనవిని పురజనులు త్రోసివేయవచ్చును గదా! మనవి చేసికొనువాడు జవాబు వినకయే పగలును రేయియు నడివీథిలో నిలిచి అరచుచుండుటయే ఇందలి వింత.

అట్లు త్రోసివేసిన ఊరు ఒకటి కలదు. అదియు డచ్చివారి ఊరే. 2024 సెప్టెంబరులో హేగు నగరసభ శిలాజ ఇంధనముల ప్రకటనలను వీథులలో నిషేధించుచు శాసనము చేసెను. 2025 జనవరి 1 నుండి అది అమలునకు వచ్చినది. పెట్రోలు, డీజిలు కార్లు, విమానయానము, ఓడలపై విహారము కూడ అందు చేరినవి. విహారయాత్రలు అమ్మువారు న్యాయస్థానమునకు పోయిరి. 2025 ఏప్రిలులో న్యాయస్థానము నగరసభ పక్షముననే నిలిచెను. షెల్ కంపెనీ 2022లో లండనునకు తరలిపోవువరకు దాని ప్రధాన కార్యాలయము ఆ హేగులోనే ఉండెను. అంతకు పూర్వమే, 2022లో, ఫ్రాన్సు శిలాజ ఇంధన విక్రయపు ప్రకటనలను నిషేధించినది. ఐక్యరాజ్యసమితి కార్యదర్శి గుటెరెస్ 2024 జూనులో దేశములన్నియు ఇట్లు చేయవలెనని కోరెను.

మన దేశమునకు ఈ దారి తెలియనిది కాదు. 2003 నాటి చట్టము పొగాకు ప్రకటనలను అణచినది. కాని సారా అమ్ము కంపెనీలు సోడా పేరిట, పాటల కేసెట్ల పేరిట అదే గుర్తును చూపుట అందరు ఎరిగినదే. శిలాజ ఇంధన పరిశ్రమకు సోడాతో కూడ పనిలేదు; ఒక చెట్టును నాటి దాని బొమ్మ చూపిన చాలును. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పర్యావరణము పేర చెప్పు బూటకపు మాటలపై మార్గదర్శకములు వెలువరించినది. 'హరితము', 'నిర్మలము' అనువాడు ఆధారము చూపవలెను. మంచిదే. అయినను అది అబద్ధమును మాత్రమే పట్టుకొనును. ఏమియు చెప్పక నవ్వు శిశువును మాత్రము చూపినవానిని అది ఏమి చేయగలదు?

ఎదుటివారి మాటలోను బలము లేకపోలేదు. ఆముదపు దీపము కడ చదువుకొన్న పల్లెలకు బర్మాషెల్ రేకు పలకలు కిరసనాయిలును పరిచయము చేసినవి. 1976లో జాతీయమై ఆ కంపెనీయే భారత్ పెట్రోలియమైనది. 2016లో మొదలైన ఉజ్జ్వల పథకపు ప్రకటనలు కట్టెల పొగలో కండ్లు పోగొట్టుకొనుచున్న స్త్రీలను ఉద్దేశించినవి. వంటింటికి గొట్టముల ద్వారా గ్యాసు వచ్చు నగరములలో సూరతు ముందువరుసది. ఆ తల్లులతో 'ఈ ప్రకటన పాపము' అని చెప్పుటకు హేగువాసికి అధికారము లేదు. ఎచ్చట గ్యాసు దొరకునో పేదకు తెలుపు మాట వేరు, కంపెనీ పుణ్యమును ఊరేగించు మాట వేరు. ఈ రెంటిని విడదీయలేని శాసనము ఇచ్చట నిలువదు.

పాండేసరాలో చీరలకు రంగులద్దు మిల్లుల బాయిలర్లలో బొగ్గు మండుచుండును. వాని ధూళిని తగ్గించుటకు 2019లో గుజరాతు కాలుష్య నియంత్రణ మండలి ఒక చిత్రమైన సంత పెట్టినది. మొత్తము ధూళికి హద్దు విధించి, మిల్లులు తమ వంతు అనుమతులను కొనుటకును అమ్ముటకును వీలు కల్పించినది. లోకములో ధూళికణములకు ఇట్టి సంత ఇదియే మొదటిది. సంతలో చేరిన మిల్లుల ధూళి 20 నుండి 30 శాతము తగ్గెనని అర్థశాస్త్రజ్ఞులు తేల్చిరి. ధూళికి వెల కట్టగలిగిన ఊరు గోడకు నియమము పెట్టలేకపోవునా?

చిక్కు మరియొకచోట ఉన్నది. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి మగ్గము వెంట వలసవచ్చిన పద్మశాలీలు లింబాయతులో వేలకు వేలు. వారి బిడ్డలకై నగరపాలక సంస్థ తెలుగు బడులు కూడ నడపినది. వారు నేయు 'ఆర్ట్ సిల్కు' నూలు పురుగునుండి రాలేదు, ప్రత్తినుండి రాలేదు, పెట్రోలియమునుండి వచ్చినది. ఒకనాడు దేశమంతట మారుమ్రోగిన 'ఓన్లీ విమల్' అను ప్రకటన చీరను చూపినది. ఆ చీర వెనుకకు నడచిన రిలయన్సు నూలును, నూలు వెనుక హజీరాలో దాని ముడిరసాయనములను, వాని వెనుక నూనెను చేరినది. సూరతు చీర మరల తెలుగు పెండ్లి పందిళ్లకే పోవును. నూనె ప్రకటనను ఆపుడనువారు ఈ చీర ప్రకటనను ఏమి చేయుదురు? ఆపినచో లింబాయతులో మగ్గము ఆగును. అందుచేత చీరను విడిచిపెట్టవలసినదే, ఇందు సందేహము లేదు.

మిగిలినది చిన్న పని. నగరపాలక సంస్థ తన వంతెనల కడ, బస్సు నిలుపు చోటులలో ఫలకములను గడువులు కట్టి అద్దెకిచ్చును. గడువు తీరిన ఒప్పందమును తిరిగి వ్రాయునప్పుడు, శిలాజ ఇంధన కంపెనీల స్తుతి ఇందు చేరదని ఒక వాక్యము కలుపుటకు పార్లమెంటు కూర్చుండనక్కరలేదు. ఆ అద్దె కొంత తగ్గును. దాని లెక్కను ఆయవ్యయపట్టికలో వేరుగా చూపినచో, ఆ పుణ్యకీర్తనకై పురజనులు ఇన్నాళ్లు పుచ్చుకొన్న కూలి ఎంతయో వారికే తెలియును.