మా వీధికి వచ్చిన మండి

మా కరీంనగరానికి కొత్త హోటలు రావడం వింత కాదు. నెలకొకటి తెరుస్తారు, రెండు నెలలకొకటి మూస్తారు. కాని క్రిందటి నెలలో మా వీధి చివర, అంతవరకు సిమెంటు బస్తాలు అమ్మిన దుకాణంలో, పచ్చ దీపాల బోర్డొకటి వెలిగేసరికి మా యింట్లో పెద్ద చర్చే జరిగింది.

మా అమ్మాయి హైదరాబాదులో చదువుకుంటున్నది. అక్కడ స్నేహితురాళ్లతో కలిసి థాయి భోజనం రుచి చూసిందట. కొబ్బరిపాలు పోసి వండే ఆ పచ్చకూరను గురించి సెలవులలో మూడు రోజులు వర్ణించింది. "మన ఊరికి అట్లాంటి హోటలు ఎప్పుడొస్తుంది నాన్నా?" అని దాని బాధ. తీరా వచ్చింది థాయి కాదు, మండి.

బోర్డు మీది పేరు చదివి వినిపించగానే మా అమ్మ, "మండీయా? బియ్యం మండీయా, మిర్చి మండీయా?" అన్నది.

"తినే మండి, నాయినమ్మా!"

"తింటె మండుతదా?"

తెలుగు పాఠాలు చెప్పి బ్రతికేవాణ్ణి నేను. నాకు తట్టని శ్లేష ఆమెకు తట్టినందుకు కొంచెం చిన్నతనంగానే వున్నది.

ఆదివారం సాయంకాలం ఆరుగురం బయలుదేరాం. అమ్మ, నేను, మా ఆవిడ, అమ్మాయి. కోరుట్ల నుంచి చూడవచ్చిన మా బావమరిది, అతని పదిహేనేళ్ల కూతురు. బావమరిది పదమూడేళ్లు మస్కటులో పనిచేసి, పోయిన యేడు ఇల్లు చేరాడు. పిల్లకు ఏడాది నిండగానే వెళ్లిన మనిషి. రెండేళ్లకొకసారి సెలవు మీద వచ్చి, పిల్ల చేరువయ్యేలోగా మళ్లీ విమానం ఎక్కేవాడు. ఇప్పుడు ఒకే ఇంట్లో వున్నా, తండ్రితో ఏదైనా చెప్పవలసి వస్తే ఆ పిల్ల తల్లిచేతనే చెప్పిస్తుందని మా ఆవిడ అప్పుడప్పుడు దిగులుపడుతుంటుంది.

హోటలులో బల్లలు కొన్ని, పరుపులు పరచిన అరుగులు కొన్ని. చెప్పులు విడిచి అరుగెక్కి కూర్చున్నాం. కొంతసేపటికి ఇద్దరు కుర్రవాళ్లు బండిచక్రమంత పళ్లెం మోసుకువచ్చి మా మధ్య పెట్టారు. పొడుగు గింజల అన్నం, అక్కడక్కడ పసుపు చారలు, పైన వేయించిన జీడిపప్పు, కిస్మిస్, అన్నిటి మీదా ఎర్రగా కాలిన కోడి. ప్రక్కన గిన్నెలో టొమాటో పచ్చడి.

అమ్మ అటూ యిటూ చూసింది. "మన పళ్లాలేవి?"

"అందరికీ ఇదే, అమ్మా."

"ఒక్క పళ్లెంల ఆరుగురమా? ఎంగిలి గాదా, బిడ్డా?"

నాకు సమాధానం తోచలేదు. నిజానికి ఆ సంకోచం నాలోనూ వున్నది. అందుకే మాట మార్చి, మండి చరిత్ర చెప్పడం మొదలుపెట్టాను. ఇది యెమెను దేశంలోని హద్రమౌత్ ప్రాంతపు వంట. నేలలో గొయ్యిలాంటి పొయ్యి త్రవ్వి, నిప్పుల మీద బియ్యపు పాత్ర దింపి, దానిపైన మాంసం వుంచి, మూత బిగించి ఆవిరి పోకుండా చేస్తారు. మాంసం నుంచి కారిన రసం బొట్లు బొట్లుగా క్రింది అన్నంలో పడుతుంది. మన బిర్యానీలో మసాలా ముందు పలకరిస్తుంది. ఇందులో అన్నమే ముందు పలకరిస్తుంది. నిజాముల కాలంలో అరబ్బు సిపాయిలుగా వచ్చిన హద్రమౌత్ వాళ్ల సంతతి హైదరాబాదు బార్కస్‌లో నేటికీ వున్నారు. సిపాయిల బ్యారక్సుల వల్లనే ఆ పేటకు ఆ పేరు. రాజధానిలో మండికి పేరు తెచ్చిన పేట కూడా అదే.

నా ఉపన్యాసం ముగిసేసరికి అన్నం చల్లారుతున్నది. అప్పుడు బావమరిది మెల్లగా అన్నాడు:

"అత్తమ్మా, దీనికి గూడ ఒక మడి ఉంటది. ఎవ్వరి ముందటిది వాళ్లే తినాలె. చెయ్యి అవుతలి దిక్కు పోవద్దు. మంచి ముక్క దొరికితె మాత్రం పక్కోని దిక్కు జరపాలె."

"నువ్వట్లనే తిన్నవా అక్కడ?"

"ఒక్క రూముల ఎనిమిది మందిమి. శుక్రవారం నాడు పైసలు కలుపుకొని ఒక్క పళ్లెం తెచ్చుకునేటోళ్లం. ఒకడు నేపాలు, ఒకడు కేరళ, ఇద్దరు మన జగిత్యాలోళ్లు. మొదటి వారం నేను తినలే. రెండో వారం ఆకలి ఆగనియ్యలే."

అమ్మ ఇంకేమీ అనలేదు. కొంగు సర్దుకొని తన ముందున్న అన్నంలో చెయ్యి పెట్టింది. మా అమ్మాయి సంబరంగా తిన్నది. బావమరిది మాత్రం నాలుగు ముద్దలతో చెయ్యి కడిగేశాడు. ఎదురుగా కూర్చున్న అతని కూతురు తన వంతు దాటకుండా, తల ఎత్తకుండా తిన్నది.

మర్నాడు నాకు ఆదిలాబాదులో పని పడింది. కోరుట్ల దాకా వాళ్లిద్దరితో ఒకే బస్సులో వెళ్లాను. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి: 1970ల నాటి చమురు సిరి తరువాత మగవాళ్లు దుబాయి, మస్కటు, కువైటు దారులు పట్టిన నేల ఇది. ఇక్కడ ఏ దేశానికి వెళ్లినా "దుబాయి పోయిండు" అనే అంటారు. కిటికీలోంచి చూస్తుంటే, దారి పొడవునా మండి బోర్డులే. అంతవరకు నేను దీనిని హైదరాబాదు నుంచి వచ్చిన వేడుక అనుకున్నాను. ఈ దారిలో మాత్రం అది ఇల్లు చేరిన మనుషుల నాలుకల మీద నేరుగా వచ్చినట్లు తోచింది.

ఆర్మూరు దాటి, సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్ తరువాత ఘాటు రోడ్డు ఎక్కితే గాలి మారుతుంది. ఇరువైపులా టేకు చెట్లు. ఆదిలాబాదు చేరితే భాష కూడా సగం మారుతుంది. మహారాష్ట్ర ప్రక్కనే గనుక బజారులో తెలుగు ఎంత వినబడుతుందో మరాఠీ దాదాపు అంత వినబడుతుంది. బస్టాండుకు కొంచెం ఎడంగా ఒక పాకలో జొన్నరొట్టె తిన్నాను. వేడినీళ్లతో కలిపిన పిండిని ఆ ఇల్లాలు చప్పట్లు కొట్టినట్లు చేతులతోనే చరిచి, పెనం మీద వేసి, తడి గుడ్డతో అద్ది, తరువాత నేరుగా నిప్పు మీద పొంగించింది. ప్రక్కన పిఠ్లె, అంటే శనగపిండితో చిక్కగా ఉడికించిన మరాఠీ కూర, ఒక పచ్చి ఉల్లిగడ్డ. దీపాలు లేవు, పరుపులు లేవు. మండికి అయిన ఖర్చులో పదోవంతుకు కడుపు నిండింది. తిరుగుదారికి ఉట్నూరు ఆదివాసీ స్త్రీలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు కొన్నాను. 2025 మార్చిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో మెచ్చుకొన్నది ఆదిలాబాదు ఆడపడుచులు ఇప్పపువ్వుతో చేసే ఈ వంటకాలనే.

ఎవరైనా చుట్టాలు వచ్చి ఎక్కడ తినమంటారని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఇప్పుడు జవాబు వున్నది. పిల్లలతో సరదాగా ఒక సాయంకాలం గడపాలంటే మండి. ఆకలిగా వున్నప్పుడు ఆదిలాబాదు రొట్టె. సర్వపిండి మాత్రం ఏ హోటలులోనూ వద్దు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు కలిపి, గిన్నె లోపల వేళ్లతో అద్ది, నూనె దిగడానికి గుంటలు పెట్టి కాల్చే వంట అది. ఒకటి కాలాక ఆ గిన్నె చల్లారితే గాని రెండోది అద్దడానికి వీలులేదు. గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడికి అంత ఓపిక ఎక్కడిది?

బుధవారం తిరిగి వస్తూ కోరుట్లలో దిగాను. బావమరిది భార్య సర్వపిండే చేస్తున్నది. రెండు గిన్నెలు, ఒకటి పొయ్యి మీద, ఒకటి నీళ్ల తొట్టి ప్రక్కన చల్లారుతూ. నేను, బావమరిది, పిల్ల వంటింటి గడప దగ్గరే పీటలు వేసుకొన్నాం.

"నాలుగు ముద్దలకే చెయ్యి కడిగినవేంది ఆ రోజు?" అని అడిగాను.

"పదమూడేండ్లు ఆ పళ్లెం ముందట కూసోని దీన్నే తలుసుకున్న, బావా. మల్ల అదే పళ్లెం ముందట కూసుంటె, రూముల కూసున్నట్టే అయింది."

మొదటి సర్వపిండి గిన్నెలోంచి ఊడి వచ్చింది. అడుగున ఎర్రగా, కరకరలాడేటట్టు కాలింది. అందరికీ ఇష్టమైన భాగం అదే. అతడు దానిని తన పళ్లెంలో వేసుకొని విరిచాడు. పిల్ల ఒక్క క్షణం తల్లివైపు చూసింది. తల్లి పొయ్యి వూదుతున్నది.

"నాయినా, ఆ మాడినది నాకు," అని తండ్రి పళ్లెంలోకి చెయ్యి చాచింది.

అతడు పళ్లెమే ఆమె వైపు జరిపాడు.

ఇంటికి వచ్చి లడ్డూల పొట్లం విప్పుతూ ఈ సంగతి చెబితే, మా అమ్మ విని, "తండ్రి పళ్లెంల ఎంగిలేంది?" అని, ఒక లడ్డూ సగం విరిచి నోట్లో వేసుకొని, మిగతా సగం నా చేతిలో పెట్టింది.